ఉప్పు పట్టిన హబ్బు

ఫిబ్రవరి మధ్యలో ఒక ఉదయం మా షాపులో బండ్లను పైకెత్తే హాయిస్టు ఎక్కిన 2004 నాటి జీప్ రాంగ్లర్ కింద నిలబడి చూస్తే, ముందు ఇరుసుకు పట్టిన మంచు కరిగి బొట్లు బొట్లుగా నేల మీదికి కారుతున్నది. ఆ నీరు ఆరిన చోట తెల్లని మరక మిగిలిపోతుంది. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో, లండన్ అనే పేరుగల నగరంలో మోటారు మెకానిక్కుగా ఆరు శీతకాలాలు గడిపిన తరువాత ఆ మరకను చూడగానే ఆనాటి పని ఎలా సాగబోతున్నదో నాకు ముందే తెలిసిపోతున్నది.

బండి యజమాని చెప్పిన లక్షణం ఒక్కటే. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తుంది, స్టీరింగు చేతిలో అదురుతుంది. తిన్నగా పోయేటప్పుడు ఏమీ ఉండదు. ఈ బండిలో ఇంజను శక్తి ముందు చక్రాలకు కూడా అందుతుంది కాబట్టి, చక్రం పక్కకు తిరిగినప్పుడు కూడా ఆ శక్తి తెగకుండా ఉండడానికి ఇరుసు కడ్డీని రెండు ముక్కలుగా చేసి నడుమ ఒక క్రాస్ జాయింటు పెడతారు. మన లారీల ప్రొపెల్లర్ షాఫ్టుకు ఉండే క్రాసు లాంటిదే అది: నాలుగు చేతులు, ఒక్కొక్క చేతికి సూది రోలర్లు నింపిన ఒక కప్పు. ముందు చక్రాల హబ్బులను, అంటే చక్రాలను బిగించే నడిమి భాగాలను, ఇరుసు నుంచి విడదీసే తాళం ఈ బండిలో లేదు కనుక, నాలుగు చక్రాల నడక అవసరం లేని తారు రోడ్డు మీద కూడా ఆ క్రాసు తిరుగుతూనే ఉంటుంది, తిరిగినంత కాలం రోడ్డు మీది నీటిని తాగుతూనే ఉంటుంది. టార్చిలైటు వేసి చూస్తే ఎడమ వైపు జాయింటు కప్పుల అంచున ఇటుక పొడి వంటి ఎర్రని దుమ్ము కనిపించింది. లోపల గ్రీజు ఎండిపోయి, సూదులు తుప్పుగా మారాయనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

క్రాసు మార్చడం పెద్ద విద్య కాదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పదిహేడేళ్ల వయసులో మేస్త్రి గారి షెడ్డులో చేరిన మొదటి సంవత్సరంలోనే లారీ క్రాసులు బెంచి వైసులో బిగించి విప్పడం నేర్చుకున్నాను. చిక్కంతా ఆ క్రాసు దగ్గరకు చేరుకోవడంలో ఉంది. కడ్డీ బయటకు రావాలంటే చక్రం, బ్రేకు కాలిపరు, డిస్కు తీసిన తరువాత హబ్బు ఊడి రావాలి. బేరింగుతో కలిసి ఒకే ముక్కగా ఉండే ఆ హబ్బు, స్టీరింగుతో పాటు పక్కకు తిరిగే ఇనుప భాగమైన స్టీరింగ్ నకిల్‌లోని గుండ్రని రంధ్రంలో వెంట్రుకవాసి సందు కూడా లేకుండా కూర్చుని ఉంటుంది. వెనుక నుంచి వచ్చే మూడు బోల్టులు దానిని పట్టి ఉంచుతాయి. కొత్త బండిలో ఆ మూడు బోల్టులు తీస్తే హబ్బు చేతిలోకి వస్తుంది. ఇరవై శీతకాలాలు చూసిన బండిలో ఆ బోల్టులు ఉన్నా లేకపోయినా ఒకటే, ఎందుకంటే ఆ రెండు ఇనుములూ తుప్పుతో ఒకే ఇనుముగా అతుక్కుని ఉంటాయి.

ఈ తుప్పు గురించి కొంచెం చెప్పాలి. మా ఊరికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, హ్యూరన్ సరస్సు ఒడ్డున గాడెరిచ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ సరస్సు అడుగున 1,800 అడుగుల లోతున ఉన్న ఉప్పు గని, భూమి లోపలి ఉప్పు గనులలో ప్రపంచంలోనే పెద్దది. అలాంటి గనుల ఉప్పునే శీతకాలమంతా రోడ్ల మీద చల్లుతారు. నీటిలో ఉప్పు కలిస్తే అది గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుంది కాబట్టి సున్నాకు పది డిగ్రీల దిగువ దాకా రోడ్డు మీది మంచు కరిగి జారిపోతుంది. ఆ ఉప్పు లేకపోతే ఎందరి ప్రాణాలు పోయేవో తలచుకుంటే దానిని తప్పుపట్టడానికి నోరు రాదు. అయితే ఆ ఉప్పునీరు చక్రాల నుంచి ఎగిరి ప్రతి సందులోకీ దూరుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు పరిమాణంలో పెరుగుతుంది. బయట ఉన్న తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది గాని, బిగుతుగా ఉన్న రంధ్రంలో పెరిగే తుప్పుకు పోవడానికి చోటు ఉండదు. అది ఉబ్బి హబ్బును నాలుగు వైపుల నుంచీ నొక్కిపడుతుంది. చినగంజాం ఉప్పు కొటార్ల నుంచి వచ్చే లారీల ఛాసిస్‌లు తినేసిపోవడం ఆటోనగర్‌లో చూశాను. కాని అక్కడ ఉప్పు మోసే లారీలకు మాత్రమే పట్టే రోగం ఇక్కడ పాలు కొనుక్కురావడానికి వెళ్లే కారుకు కూడా పడుతుంది.

ముందుగా కడ్డీ చివర ఉన్న 36 మిల్లీమీటర్ల పెద్ద నట్టును ఇంపాక్టు గన్నుతో విప్పాను. తరువాత మూడు బోల్టులు. వాటి తలలకు పన్నెండు మూలలు ఉంటాయి. మామూలు ఆరు మూలల బాక్సు స్పానరు వాటి మీద కూర్చోదు, పన్నెండు మూలలదే 13 మిల్లీమీటర్లది కావాలి. తల తుప్పు తిని అరిగి ఉన్నప్పుడు తొందరపడి తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి, ఆ తరువాత ఆ బోల్టును తీయడమే ఒక పూట పని అవుతుంది. అందుకని తీగ బ్రష్షుతో తలలను శుభ్రం చేసి, బాక్సును సుత్తితో తట్టి చివరి దాకా దింపి, పొడవాటి పిడితో నిదానంగా లాగాను. మూడూ కదిలాయి. హబ్బు కదలలేదు.

ఇలాంటప్పుడు చాలామంది సుత్తి అందుకుంటారు. నా మొదటి శీతకాలంలో నేనూ అదే చేశాను. హబ్బు అంచు మీద నాలుగు కిలోల సుత్తితో అరగంట కొట్టి, చివరకు బేరింగు విడిపోయి బయటి సగం చేతిలోకి వచ్చి లోపలి సగం నకిల్‌లోనే మిగిలిపోయింది. ఆ సగాన్ని తీయడానికి మరో మూడు గంటలు పట్టింది. అప్పుడు నేను పనిచేసిన షాపులో జీతం ఫ్లాట్ రేట్ పద్ధతిలో ఇచ్చేవారు. అంటే ఏ పనికి ఎన్ని గంటలో పుస్తకంలో రాసి ఉంటుంది, ఎంతసేపు పట్టినా ఆ గంటలకే డబ్బు. ఆ పుస్తకం తుప్పు లేని బండిని దృష్టిలో పెట్టుకుని రాసినది. తుప్పు పట్టిన బండికి అదనంగా గంటలు వేయమని అడిగితే, కొత్తగా వచ్చినవాడికి చేతకాక ఆలస్యమైందని ఆ షాపు నిర్వాహకుడు అందరి ముందూ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. చేతకాకపోవడం కొంత నిజమే. కాని ఉప్పు చేసిన పనికి మెకానిక్కు జీతంలో కోత పెట్టడం న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఇప్పటి షాపులో తుప్పుకు వేరుగా సమయం రాసి యజమానికి ముందే చెప్పి ఒప్పిస్తారు. అలా చెప్పినప్పుడు కాదన్న బండి యజమానిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పటి షాపులో నాకు పని నేర్పిన పెద్దాయన పోర్చుగల్ నుంచి చిన్నప్పుడే వలస వచ్చినవారు. ఆయన ఇలాంటి హబ్బు దగ్గర సుత్తిని చివరి ఆయుధంగా చూస్తారు. ముందు రోజు సాయంత్రమే నకిల్ చుట్టూ, బోల్టు రంధ్రాలలోకి తుప్పు వదిలించే నూనె చల్లించారు. రాత్రంతా అది సందులోకి పాకాలి. ఉదయం మంటతో నకిల్‌ను మాత్రం వేడి చేయించారు, ఎందుకంటే బయటి ఇనుము ముందుగా వ్యాకోచిస్తే తుప్పు పొర పగులుతుంది. నూనె తడి ఉన్నచోట మంట పెడితే అంటుకుంటుంది కాబట్టి, వేడి చేసే ముందు దానిని గుడ్డతో పూర్తిగా తుడవాలి. కీళ్ల మీది రబ్బరు తొడుగులు, బ్రేకు గొట్టాలు, చక్రం వేగాన్ని కనిపెట్టే సెన్సరు తీగ ఉన్నవైపు మంట పోకూడదు. ఇంత చేసినా ఆనాటి హబ్బు కదలలేదు.

అప్పుడు ఆయన స్టీరింగు ఉపాయం చూపించారు. నాకు తెలిసిన ఉపాయాలన్నింటిలో ఇది తెలివైనదని నా అభిప్రాయం. బండిని హాయిస్టు నుంచి దించి, ఇరుసు కింద గట్టి స్టాండ్లు పెట్టాము. మూడు బోల్టులలో ఒకదానిని పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు మాత్రం వెనక్కు విప్పి, దాని తల మీద బాక్సు, ఆ బాక్సుకు తగిన పొడవు ఎక్స్‌టెన్షను, అంటే బాక్సును పొడిగించే ఇనుప కడ్డీ, పెట్టి, దాని రెండవ కొన ఇరుసు గొట్టం చివర ఆనేలా నిలిపాము. ఇంజను ఆన్ చేసి స్టీరింగును ఆ సందు మూసుకుపోయే వైపు నెమ్మదిగా తిప్పితే, పవర్ స్టీరింగు పంపు బలమంతా ఆ బోల్టు మీదుగా హబ్బును వెనుక నుంచి బయటకు నెడుతుంది. బోల్టు మరలు లోతుగా పట్టి ఉండాలి, లేకపోతే ఊడిపోతాయి. ఎక్స్‌టెన్షను తిన్నగా ఉండాలి, వంకరగా ఉంటే తూటాలా ఎగిరిపోతుంది. అందుకని స్టీరింగు దగ్గర ఒకరు, దూరంగా నిలబడి చూస్తూ సైగ చేసేవారు ఒకరు ఉండాలి. నకిల్ దగ్గర ఎవరి చేయీ ఉండకూడదు.

నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాను. మొదటిసారి తిప్పగానే పంపు మూలిగింది, బండి ముందుభాగం కొంచెం వణికింది, ఇంకేమీ జరగలేదు. ఆయన చేయి ఎత్తి ఆపమన్నారు. ఎక్స్‌టెన్షనును అవతలి వైపు బోల్టుకు మార్చారు. ఈసారి రెండవ వైపు తిప్పాను. మూడవసారో నాలుగవసారో తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు వచ్చింది. దిగి చూస్తే హబ్బుకూ నకిల్‌కూ నడుమ గోరు పట్టేంత సందు, దాని నిండా ఎర్రని పొడి. ఆ సందులో ఉలి పెట్టి రెండు వైపులా మార్చి మార్చి తట్టితే అది ఒకే వైపు ఒరిగి బిగుసుకోకుండా సమంగా బయటకు వచ్చింది.

ఇరుసు కడ్డీని బయటకు లాగేటప్పుడు రెండు చేతులతో ఎత్తిపట్టుకోవాలి. లోపల, రెండు చక్రాలకు శక్తిని పంచే పళ్లచక్రాల పెట్టె అయిన డిఫరెన్షియల్ దగ్గర, నూనె ఆపే సీలు ఉంటుంది, కడ్డీ పళ్లు దాని మీద రాసుకుంటే అది కోసుకుపోయి నూనె కారుతుంది. బెంచి వైసులో పాత క్రాసు కప్పులు నొక్కి తీస్తే సూదుల బదులు ముక్కుపొడుం వంటి పొడి రాలింది. కొత్త క్రాసు పెట్టేటప్పుడు నేను తొందరపడను. ఒక్క సూది పక్కకు పడి కప్పు అడుగున చిక్కుకున్నా కప్పు పూర్తిగా దిగదు, కప్పు జారకుండా పట్టే సర్‌క్లిప్పు గాడిలో కూర్చోదు. అప్పుడు బలవంతంగా నొక్కితే కొత్త క్రాసు అక్కడికక్కడే పాడవుతుంది. నాలుగు సర్‌క్లిప్పులూ కూర్చున్న తరువాత క్రాసు చేత్తో అన్ని వైపులా మృదువుగా ఊగాలి. ఎక్కడైనా పట్టినట్టు ఉంటే కడ్డీ చెవుల మీద ఇత్తడి సుత్తితో ఒక చిన్న దెబ్బ వేస్తే కప్పులు సర్దుకుంటాయి. ఈ దెబ్బ ఎంత చిన్నదిగా ఉండాలో నాకు ఆటోనగర్ నేర్పింది, దానికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేకపోయింది.

హబ్బు తిరిగి పెట్టే ముందు నకిల్ రంధ్రాన్ని గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, అతుక్కుపోకుండా ఆపే బూడిదరంగు పేస్టును పలుచగా పూశాను. ఈ పది నిమిషాల పనికి ఏ పుస్తకంలోనూ గంటలు ఉండవు. అయినా రాబోయే సంవత్సరాలలో ఆ బండి కింద నిలబడబోయే మెకానిక్కు ఎవరైనా సరే, అతని సగం రోజు ఆ పూతలో ఉంది. బోల్టులు 75 ఫుట్ పౌండ్లకు, పెద్ద నట్టు 175 ఫుట్ పౌండ్లకు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాను. కుడి వైపు మధ్యాహ్నం చేశాము. అక్కడ కడ్డీ పొడవుగా ఉంటుంది గాని హబ్బు మంటకే కదిలింది.

ఆంటారియోలో ఈ పని చేయాలంటే లైసెన్సు తప్పనిసరి. అప్రెంటిసుగా 7,220 గంటలు, అందులో 720 గంటలు తరగతి గదిలో, ఆ తరువాత పరీక్ష. విజయవాడలో చేసిన పదకొండేళ్ల పనిలో కొంత లెక్కలోకి తీసుకున్నారు గాని, తుప్పు విషయంలో నేను నిజంగానే మొదటి తరగతి విద్యార్థిని. అది ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు, అక్కడ ఉదయం ఏడు గంటలకు, మేస్త్రి గారికి ఫోను చేశాను. ఇప్పుడు ఆయన షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, అయినా ఆయన పొద్దున్నే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటారు. స్టీరింగు బలంతో హబ్బు తీసిన సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన మధ్యలో మాట్లాడకుండా విన్నారు.

“ఆ బలమంతా బోల్టు మరల మీదే పడుతుంది గదరా అబ్బాయ్,” అన్నారు చివరికి. “వాటినే మళ్లీ పెట్టావా?”

“లేదు మేస్త్రి గారూ, ఆరూ కొత్తవి వేశాను,” అన్నాను.

“సరే,” అని, టీ వచ్చిందని ఫోను పెట్టేశారు.