నాన్నగారి తుపాకీ నా పేరు మీదికి

నాన్నగారికి డెబ్బై నాలుగో ఏడు వచ్చాక ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర, "అమ్మా, తుపాకీ నీ పేరు మీదికి మార్చుకో. నేనిక పడవెక్కి లంకకు వెళ్లలేను" అన్నారు. గోదావరి వైనతేయ పాయలోని లంకలో, అంటే ఏటి మధ్య దీవిలో, మాకు కంద, అరటి తోట ఉంది. అన్నయ్య హైదరాబాదులో స్థిరపడ్డాడు. వ్యవసాయం నేనే చూసుకుంటున్నాను. అడవి పందులు ఒక్క రాత్రి దిగితే చాలు, తెల్లవారేసరికి కంద మళ్లు దున్నేసినట్టు కనిపిస్తాయి.

అది తాతగారి కాలం నాటి ఒంటి గొట్టం తుపాకీ. తూటా పెట్టే రకం కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, కడ్డీతో దట్టించి, వెనక చిన్న రాగి క్యాపు తొడిగి పేల్చాలి. మా ఇంట్లో దానితో పందిని కొట్టడం ఎప్పుడూ లేదు. అధికారుల అనుమతి లేకుండా వన్యప్రాణి చట్టం అందుకు ఒప్పుకోదు, పంట రక్షణ లైసెన్సు వేటకు అనుమతి కాదు. మందు, పీచు మాత్రమే కూరి ఆకాశంలోకి పేలిస్తే ఆ చప్పుడుకు మంద పారిపోయేది.

"ఇంత పాతదానికి లైసెన్సెందుకు, గోడకు తగిలించుకోండి" అని చాలామంది సలహా ఇచ్చారు. అది తప్పు సలహా. 1959 నాటి ఆయుధాల చట్టం కాలం చెల్లిన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది కానీ, మరమ్మతు చేసినా పేలని వాటికే. మాది బాగుచేస్తే పేలుతుంది, కాబట్టి అది తుపాకీయే. అదే చట్టం 13వ సెక్షనులో, నిజమైన పంట రక్షణ కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని విడిగా చెప్పారు. ఆ వాక్యం చదివినప్పుడు మా తాతగారి లాంటి రైతులను ఎవరో గుర్తుపెట్టుకొని రాశారనిపించింది.

మార్పిడికి దారి 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఉంది. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం ఇరవై అయిదేళ్లుగా ఆయన దగ్గరున్నా, ఆయన బతికుండగానే వారసుల పేరిట లైసెన్సు కోరవచ్చు. నాన్నగారికి రెండూ వర్తించాయి. అమ్మ, అన్నయ్య అభ్యంతరం లేదని ప్రమాణపత్రాలు ఇచ్చారు. పట్టాదారు పాసుపుస్తకం, వైద్య ధ్రువపత్రం, ఆయుధ భద్రత శిక్షణ పత్రం, తుపాకీ ఇంట్లో ఎక్కడ దాస్తామో హామీ, అన్నీ జతచేశాను. ఒక చిక్కు మాత్రం ఎదురైంది. నాన్నగారి లైసెన్సు ఉమ్మడి తూర్పు గోదావరి రోజుల్లో కాకినాడలో ఇచ్చినది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మేం అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లాలోకి వచ్చాం. పాత దస్త్రం కొత్త చోటికి చేరేవరకు నా దరఖాస్తు కదలలేదు. మీరెవరైనా ఈ పనికి దిగితే, ముందుగా పాత లైసెన్సు పుస్తకంలో ప్రతి పేజీకీ నకలు తీసి దగ్గర ఉంచుకోండి. నన్ను ఆదుకున్నవి ఆ నకళ్లే.

విచారణకు వచ్చిన ఎస్సై గారు బీరువా చూశారు, చుట్టుపక్కల వారిని అడిగారు. తరువాత నా వైపు తిరిగి, "మీకు కాల్చడం వచ్చా అమ్మా?" అన్నారు. "దీనితో ఇంకా రాదండీ, నాన్నగారి దగ్గర నేర్చుకుంటాను" అన్నాను. ఈలోగా 2024 ఎన్నికలు వచ్చాయి. ప్రతి ఎన్నికలకూ చేసినట్టే తుపాకీని అప్పగించి, తరువాత తెచ్చుకున్నాం. ఆ ఏడాది చివర లైసెన్సు నా చేతికొచ్చింది, అయిదేళ్ల గడువుతో.

తుపాకీ పదిహేనేళ్లుగా పేల్చలేదు. క్యాపు కూర్చునే మొన తుప్పుపట్టింది, భుజానికి ఆనించే మడమ దగ్గర చెక్క చీలింది. మరమ్మతు కూడా ఆ పనికి లైసెన్సున్నవారే చేయాలి. అందుకని తీసుకెళ్లడానికి అనుమతి రాయించుకొని, నాన్నగారిని వెంటబెట్టుకొని కారులో రాజమహేంద్రవరం వెళ్లాను.

మేస్త్రీ గారు తుపాకీ అందుకోగానే గుర్రం, అంటే క్యాపును కొట్టే సుత్తి, వైపు చూడలేదు. కడ్డీని గొట్టంలోకి జారవిడిచి, మూతి దగ్గర గోటితో గుర్తు పట్టుకున్నారు. కడ్డీని బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూశారు. అడుగుకు చేరాల్సిన కడ్డీ నాలుగు వేళ్ల పైనే ఆగిపోయింది.

"ఇందులో మందు ఉందండీ" అన్నారు.

నాన్నగారు లేదన్నారు. మేస్త్రీ గారు వాదించలేదు. మొన వైపు నుంచి నీళ్లు ఎక్కించి, మందు తడిసేదాకా ఆగి, కడ్డీ చివర మెలితిరిగిన ఇనుప మొన బిగించి లోపలికి తిప్పారు. మొదట కొబ్బరి పీచు ఉండ వచ్చింది. దాని వెనకే నల్లటి ముద్ద. పందులు వస్తాయని కూరి, అవి రాకపోయేసరికి నాన్నగారు మరిచిపోయిన ఏదో ఒక రాత్రి తాలూకు మందు అది. ఈ నల్లటి తుపాకీమందు పొడిగా ఉంటే ఏళ్లు గడిచినా చావదట. అంటే 2014, 2019, 2024 ఎన్నికలకు మేం అప్పగించినది నిండు తుపాకీ. నేను చిన్న మేనల్లుడికి చూపించినది కూడా. నాన్నగారు బల్ల మీద కూలబడి చాలాసేపు మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటాక, "కడ్డీ మీద గీత గీయించు" అన్నారు.

ఇప్పుడు కడ్డీ మీద గీత ఉంది. ఖాళీ గొట్టంలో ఆ గీత సరిగ్గా మూతితో కలుస్తుంది. పైకి కనిపిస్తే లోపల ఏదో ఉన్నట్టు. తుపాకీ ముట్టుకున్న ప్రతిసారీ నా మొదటి పని అదే.

మిగతా క్రమం నాన్నగారు ఇంటి అరుగు మీద ఉత్త చేతులతో నేర్పించారు. మందు కుప్పె నుంచి నేరుగా గొట్టంలో పోయకూడదు, ఇత్తడి కొలతలోకి తీసుకొని పోయాలి. మొహం మూతి మీదికి వంగకూడదు. పీచు మందును తాకేదాకా దట్టించాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. క్యాపు అన్నిటికన్నా చివర. క్యాపు పేలి మందు అంటుకోకపోతే మూతిని అదే దిక్కున పట్టుకొని ఒక నిమిషమైనా కదలకూడదు.

ఆ రోజుల్లో ఈ తుపాకుల గురించి దొరికినదల్లా చదివాను. పిఠాపురం దగ్గర చందుర్తిలో 1758 డిసెంబరులో ఆంగ్లేయులు, ఫ్రెంచివారు తలపడ్డప్పుడు వాడినవీ మూతి నుంచి కూరేవే, కాకపోతే చెకుముకిరాయి నిప్పురవ్వతో పేలేవి. తేమకు రంజకం, అంటే ఆ రవ్వను అందుకునే మందు, తడిస్తే అవి పేలవు. 1807లో ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు దెబ్బకు అంటుకునే మందుకు పేటెంటు తీసుకున్నాడు. క్యాపుకు దారి వేసినది ఆ ఆలోచనే. మన వానలకు అది ఎంత మేలో లంక రైతుకు చెప్పనక్కర్లేదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే పల్లెలో నేటికీ వీటితో గురిపోటీలు జరుగుతాయి. ఆ సంఘం 1933 నాటిది. ఒక్కసారైనా వెళ్లి చూడాలని ఉంది.

సంక్రాంతి వెళ్లాక, ఒక సాయంత్రం లంకకు వెళ్లి మొదటిసారి పేల్చాను. నాన్నగారు రేవులోనే కూర్చున్నారు. కడ్డీ జారవిడిచి గీత చూశాను. మందు, పీచు, దట్టింపు, క్యాపు. అలవాటైన సిపాయి నిమిషానికి మూడుసార్లు కాల్చేవాడట. నాకు ఒక్కసారికే అయిదు నిమిషాలు పట్టింది. గుర్రం లాగి, మూతి ఆకాశానికి ఎత్తి మీట నొక్కాను. తెల్లటి పొగ అరటాకుల మధ్య చాలాసేపు నిలిచింది. గంధకం వాసన. ఏటికి అవతల కొంగలు లేచాయి.

పడవ దిగేసరికి నాన్నగారు లేచి నిలబడి ఉన్నారు.

"చప్పుడు బోలుగా వచ్చింది. పీచు గట్టిగా దట్టలేదు కదూ?"

"లేదు నాన్నా."

"రేపు దట్టు. ముందు వేడినీళ్లు పెట్టించు, మసి లోపల ఉంటే మన గాలికి తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది" అంటూ తుపాకీ అందుకోవడానికి చెయ్యి చాచారు. అంతలోనే ఆ చెయ్యి వెనక్కి తీసుకొని, నా ముందు ఇంటి దారి పట్టారు.