కాలిఫోర్నియా బ్యాలెట్‌లో పది ప్రాపొజిషన్లు: చదివి, తేల్చుకుని ఓటేసిన తీరు (నా అనుభవం)

ఇండియాలో ఓటు మనిషికో పార్టీకో వేస్తాం. అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకు ఒకటి, స్థానిక సంస్థలకు ఒకటి, అంతే. కాలిఫోర్నియాలో వాటితో పాటు చట్టాలకూ నేరుగా ఓటెయ్యాలి. 1911 నుంచి ఇదే పద్ధతి. 2024 నవంబర్ 5 ఎన్నికల్లో రాష్ట్రమంతటికీ వర్తించే ప్రాపొజిషన్లు, అంటే ఓటర్లే నేరుగా తేల్చాల్సిన చట్ట ప్రతిపాదనలు, పది వచ్చాయి. అధ్యక్షుడెవరన్నది అందరూ ముందే నిర్ణయించేసుకుంటారు, అసలు పని ఈ పదింటి దగ్గరే ఉంటుంది. కొత్తగా పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది ఈ భాగాన్ని ఖాళీగా వదిలేస్తున్నారు. ఖాళీగా వదిలినా మిగతా ఓట్లు చెల్లుతాయి, అందులో తప్పేం లేదు. కానీ ఇంటి అద్దె, స్కూలు భవనం, కనీస వేతనం లాంటివి తేలేది అక్కడే కాబట్టి నేను ఎలా చదివానో వివరంగా రాస్తున్నాను.

మొదట నంబర్లు చూడాలి. ఆ ఏడాది 2 నుంచి 6 వరకు ఉన్నవి శాసనసభ పెట్టినవి. 32 నుంచి 36 వరకు ఉన్నవి సంతకాలు సేకరించి బ్యాలెట్ మీదకు తెచ్చినవి. ఎన్ని సంతకాలు కావాలో గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లను బట్టి లెక్క కడతారు. మామూలు చట్టానికి అందులో 5 శాతం, అంటే 5,46,651. రాజ్యాంగ సవరణకు 8 శాతం, 8,74,641. గడువు 180 రోజులు. ఆ గడువులో అన్ని సంతకాలు రావాలంటే డబ్బిచ్చి మనుషుల్ని పెట్టక తప్పదు, అందుకే దుకాణాల ముందు అట్టలు పట్టుకుని నిలబడేవాళ్ళలో చాలామంది కూలికి వచ్చినవాళ్ళే. "మీరు జీతానికి చేస్తున్నారా, స్వచ్ఛందంగానా?" అని అడిగే హక్కు మనకుంది. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ళ పేర్లు కూడా చూపించమనండి. సంతకం చేస్తే ఓటరు నమోదులో ఉన్న చిరునామానే రాయండి. ఇల్లు మారి కొత్త చిరునామా రాస్తే ఆ సంతకం లెక్కలోకి రాదు.

సంతకాలతో వచ్చిన చట్టం గెలిస్తే దాన్ని శాసనసభ తనంతట తాను మార్చలేదు. మార్చుకోవచ్చని ఆ చట్టంలోనే రాసి ఉంటే తప్ప మళ్ళీ ఓటర్ల దగ్గరికే రావాలి. అందులో ఒక వాక్యం తేడాగా ఉన్నా ఏళ్ళ తరబడి భరించాల్సిందే. అందుకే 32 నుంచి 36 వరకు ఉన్నవాటికి నేను ఎక్కువ సమయం పెట్టాను, అనుమానం తీరకపోతే వద్దనే వేశాను.

ఈ ప్రతిపాదనలను వివరిస్తూ రాష్ట్రం పంపే ఓటర్ గైడ్ లావుగా ఉంటుంది. మొదటి పేజీ నుంచి వరసగా చదవబోతే సగంలోనే విసుగొస్తుంది. బ్యాలెట్ మీద అచ్చయ్యేది 75 పదాలకు మించని లేబుల్ మాత్రమే, దాన్ని రాసేది అటార్నీ జనరల్ కార్యాలయం. అది చాలదు. నేను ముందు చదివింది "ఔను అంటే ఏం జరుగుతుంది, కాదు అంటే ఏం జరుగుతుంది" అన్న రెండు చిన్న పేరాలు. తర్వాత శాసనసభకు ఖర్చుల లెక్కలు చూసిపెట్టే లెజిస్లేటివ్ అనలిస్ట్ కార్యాలయం రాసిన విశ్లేషణ. గైడ్ మొత్తంలో నమ్మకంగా చదవదగ్గది అదే. ఇప్పుడున్న చట్టం ఏమిటి, ఏం మారుతుంది, ఖర్చెంత అన్నది ఏ పక్షమూ పట్టకుండా చెబుతుంది. అనుకూల, వ్యతిరేక వాదనలు ఆ తర్వాతే చదవాలి. ఆ పేజీల అడుగున, ఈ వాదనల్లోని నిజానిజాలను ఏ అధికారిక సంస్థా సరిచూడలేదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదివాక వాదనలు చదివే తీరే మారిపోతుంది.

గైడ్ చివర్లో చట్టాల పూర్తి పాఠం ఉంటుంది. కొత్తగా చేర్చేవి వాలు అక్షరాల్లో, తీసేసేవి గీత కొట్టి కనిపిస్తాయి. ప్రాప్ (ప్రాపొజిషన్) 33 నాకు అక్కడే అర్థమైంది. పేరుకు అద్దె నియంత్రణ. కానీ గీత కొట్టింది 1995 నాటి కోస్టా-హాకిన్స్ చట్టానికి. విడి ఇళ్ళ మీదా, 1995 ఫిబ్రవరి తర్వాత కట్టిన ఇళ్ళ మీదా నగరాలు అద్దె పరిమితి పెట్టకూడదని, ఖాళీ అయిన ఇంటికి యజమాని కొత్త అద్దె పెట్టుకోవచ్చని ఆ చట్టం చెబుతుంది. అంటే "ఔను" గెలిచినంత మాత్రాన మన అద్దె ఒక్క డాలరు కూడా తగ్గదు. పరిమితి పెట్టే అధికారం నగరాలకు వెళ్తుంది, మన నగరం ఏం చేస్తుందన్నది తర్వాతి సంగతి. అద్దెకుండే స్నేహితులు చాలామంది ఈ తేడా చూడలేదు. 2018లో ప్రాప్ 10గా, 2020లో ప్రాప్ 21గా ఇలాంటివే వచ్చి ఓడిపోయాయి. మూడోసారి కూడా దాదాపు 60 శాతం మంది వద్దన్నారు.

దాని పక్కనే ఉన్న ప్రాప్ 34 లేబుల్ చదివితే మందుల ఆదాయం గురించిన వైద్య చట్టం అనిపిస్తుంది. షరతులు జాగ్రత్తగా చూడండి. పదేళ్ళ కాలంలో రోగుల చికిత్సకు కాకుండా వేరే వాటికి 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి, పైగా 500కు మించి తీవ్రమైన ఉల్లంఘనలున్న అపార్ట్‌మెంట్లు నడిపే వైద్య సంస్థలకే ఇది వర్తిస్తుంది. ఇలాంటివి రాష్ట్రంలో ఎన్నుంటాయి? ప్రాప్ 33కు డబ్బు పెట్టిన ఎయిడ్స్ హెల్త్‌కేర్ ఫౌండేషన్‌ను ఉద్దేశించి, అద్దె ఇళ్ళ యజమానుల సంఘం తెచ్చిన చట్టం ఇదని పత్రికలన్నీ రాశాయి. అద్దె నియంత్రణ మీద మీ అభిప్రాయం ఏదైనా సరే, ఒక సంస్థను గురిపెట్టి కోట్లమంది చేత చట్టం చేయించడం నాకు సమ్మతం కాదు. అయినా అది దాదాపు 51 శాతంతో గెలిచింది. ఎవరు డబ్బు పెట్టారో చూడకుండా లేబుల్ మాత్రమే చదివితే ఈ రెండింటికీ ఉన్న సంబంధం తెలియనే తెలియదు. ప్రకటనల కింద వచ్చే పెద్ద దాతల పేర్లను ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

బాండ్లంటే అప్పు, పన్ను కాదు. కాకపోతే తీర్చేది రాష్ట్ర ఖజానాయే. ప్రాప్ 2 స్కూళ్ళకూ కమ్యూనిటీ కాలేజీలకూ వెయ్యి కోట్ల డాలర్లు, ప్రాప్ 4 నీరు, కార్చిచ్చులు, వాతావరణం పనులకు మరో వెయ్యి కోట్లు. అనలిస్ట్ లెక్క ప్రకారం మొదటిదానికి ఏటా దాదాపు 50 కోట్ల డాలర్ల చొప్పున 35 ఏళ్ళు, రెండోదానికి 40 కోట్ల చొప్పున 40 ఏళ్ళు కట్టాలి. గుణించి చూస్తే వెయ్యి కోట్ల అప్పుకు 1,750 కోట్లు, 1,600 కోట్లు. ఈ గుణకారం ప్రతి బాండుకూ చెయ్యాలి. నేను రెండింటికీ ఔననే వేశాను, ఎందుకంటే భవనాలు, నీటి పనులు అన్నేళ్ళూ ఉండేవే. ఓటర్లు కూడా రెండింటినీ 60 శాతానికి దగ్గరగా గెలిపించారు. అదే ఓటర్లు ప్రాప్ 5ను 55 శాతంతో తిప్పికొట్టారు. స్థానిక గృహనిర్మాణ, మౌలిక వసతుల బాండ్లకు కావాల్సిన మూడింట రెండు వంతుల మద్దతును 55 శాతానికి తగ్గించమన్న ప్రతిపాదన అది. స్థానిక బాండ్ల భారం ఆస్తి పన్నులో కనబడుతుంది కాబట్టి ఇళ్ళున్నవాళ్ళు ఒప్పుకోలేదని నా ఉద్దేశం.

నాకు బాధ కలిగించింది ప్రాప్ 6. జైళ్ళలో ఖైదీల చేత శిక్షగా బలవంతపు పని చేయించడానికి ఉన్న వీలును రాజ్యాంగం నుంచి తీసేయాలన్నది దాని ఉద్దేశం. గైడ్‌లో దానికి వ్యతిరేక వాదనే లేదు. అయినా దాదాపు 53 శాతం మంది వద్దన్నారు. అదే రోజు నెవాడాలో ఇలాంటి సవరణ గెలిచింది. అక్కడ బ్యాలెట్ మీద "బానిసత్వం" అన్న మాట ఉంది, ఇక్కడ లేదు.

మిగతావి త్వరగా తేలిపోయాయి. వివాహ హక్కును రాజ్యాంగంలో చేర్చే ప్రాప్ 3, మెడి-కాల్‌కు (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా) నిధులిచ్చే పన్నును శాశ్వతం చేసే ప్రాప్ 35, దొంగతనాలు, మత్తుమందుల కేసుల్లో శిక్షలు పెంచే ప్రాప్ 36 గెలిచాయి. చివరిదానికి గవర్నర్ వద్దన్నా 68 శాతం వచ్చింది. కనీస వేతనాన్ని 18 డాలర్లు చేసే ప్రాప్ 32 మాత్రం దాదాపు 49.3 శాతం దగ్గర ఆగి ఓడిపోయింది.

ఇక కవరు సంగతి. బ్యాలెట్ ఇంటికే వస్తుంది, స్టాంపు అక్కర్లేదు. నీలం లేదా నల్ల పెన్నుతో గడి పూర్తిగా నింపాలి. కవరు మీద సంతకం తప్పనిసరి, తేదీ కూడా వెయ్యండి. మన పెద్దవాళ్ళ విషయంలో ఇబ్బంది సంతకం దగ్గరే. లైసెన్సు తీసుకున్నప్పుడు ఇంగ్లీషులో చేసి, కవరు మీద అలవాటుగా తెలుగులో చేస్తారు. సంతకం ఏ లిపిలో ఉన్నా ఫరవాలేదు గానీ నమోదులో ఉన్నదానితో పోలాలి. పోలకపోతే కౌంటీ నుంచి ఉత్తరం వస్తుంది, అందులోని ఫారం నింపి గడువులోగా పంపితే ఓటు లెక్కలోకి వస్తుంది. చాలామంది దాన్ని ప్రకటన కాగితం అనుకుని పారేస్తారు. అమ్మానాన్నలకు చదవడం కష్టమైతే రాష్ట్ర గైడ్ హిందీలో దొరుకుతుంది. పోలింగ్ కేంద్రానికి వెళ్ళేట్టయితే సాయానికి ఇద్దరిని వెంట తీసుకెళ్ళవచ్చు, వాళ్ళు యజమానో యూనియన్ ప్రతినిధో కాకూడదు. రాసుకున్న కాగితం లోపలికి తీసుకెళ్ళడానికీ అభ్యంతరం లేదు.

పోస్టులో వేస్తే ఎన్నికల రోజు లోపు తపాలా ముద్ర పడాలి, ఏడు రోజుల్లోగా కౌంటీకి చేరాలి. అందుకే లెక్కింపు వారాల తరబడి సాగుతుంది. ప్రాప్ 32 ఎన్నికల రాత్రి తేలలేదు. మొదటి రాత్రి అంకెలు చూసి వాట్సాప్ గ్రూపుల్లో గెలుపోటములు ప్రకటించకండి. 2024 ఫలితాలను రాష్ట్రం డిసెంబర్ 13న ధ్రువీకరించింది. చట్టంలోనే వేరే తేదీ రాసి లేకపోతే, గెలిచినవి ధ్రువీకరణ జరిగిన ఐదో రోజున అమల్లోకి వస్తాయి. ప్రాప్ 36 అలా డిసెంబర్ 18 నుంచి అమలైంది.