కడప నుంచి కువైట్‌కు వెళ్లిన పాటలు

తెలుగు సినిమా పాటకు 1980ల దశకం అంతగా ఎందుకు కలిసివచ్చిందని ఆలోచించినప్పుడల్లా నాకు తోచే కారణం ఒక్కటే. రెండు తరాల సంగీతదర్శకులు ఆ పదేళ్లలో పక్కపక్కనే నిలబడి పనిచేశారు. ‘శంకరాభరణం’ చేసిన కె.వి. మహదేవన్, ‘మేఘసందేశం’ చేసిన రమేశ్ నాయుడు ఒకవైపు ఉంటే, ‘సాగరసంగమం’, ‘సితార’, ‘రుద్రవీణ’లతో ఇళయరాజా మరొకవైపు ఉన్నారు. వేటూరి అప్పటికే ఉరవడి మీదున్నారు. 1986లో వచ్చిన ‘సిరివెన్నెల’తో సీతారామశాస్త్రిగారికి ఆ సినిమా పేరే ఇంటిపేరయింది. పాత తరం ఇంకా అలసిపోలేదు, కొత్త తరం అప్పటికే పండింది. అటువంటి కలయిక మళ్లీ రాలేదనే నేను నమ్ముతాను.

కడపలో మా ఇంటికి ఈ పాటలు మొదట ఆకాశవాణి ద్వారానే వచ్చాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు నాపబండలు పరచిన వసారాలో చాప కూడా లేకుండా పడుకుని, బండ చల్లదనం వీపుకు తగులుతుండగా, కడప కేంద్రం వేసే పాటల కోసం ఎదురుచూసేవాళ్లం. ‘మేఘసందేశం’లో సుశీలగారు పాడిన ‘ఆకులో ఆకునై’ నేను మొదట విన్నది అక్కడే. ఆ పాట రాసిన కృష్ణశాస్త్రిగారు 1980లోనే కన్నుమూశారు కనుక, సినిమా వచ్చేనాటికి ఆయన లేరు. ఆ ఒక్క సినిమాకే రమేశ్ నాయుడు, ఏసుదాసు, సుశీల ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయని తరువాత తెలిసింది గానీ, వాన కోసం మొగం వాచిన ఊళ్లో కొమ్మలనూ చివుళ్లనూ తలచుకునే ఆ పాట వింటే ఒళ్లు చల్లబడుతుందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

టేప్ రికార్డరు మా ఇంటికి కువైట్ నుంచి వచ్చింది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఆ రోజుల్లో కువైట్‌కు వెళ్లని కుటుంబం అరుదు. మా చిన్నాయన కూడా డ్రైవరు పనికి వెళ్లాడు, మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన వస్తువుల్లో నేషనల్ పానాసోనిక్ టూ-ఇన్-వన్ ఒకటి. దానితోపాటు ఇంట్లోకి ఒక కొత్త అలవాటు ప్రవేశించింది. చదువు రాని జేజికి, అంటే మా నాయనమ్మకు, ఉత్తరం ఒకరు రాసిపెట్టాలి, వచ్చిన ఉత్తరం ఇంకొకరు చదివి వినిపించాలి, మధ్యలో మనసులోని మాట సగం మింగేయాలి. క్యాసెట్‌తో ఆ అవసరం తీరింది. ఎర్ర మీట, దాని పక్కనున్న ప్లే మీట రెండూ కలిపి నొక్కితే చాలు, జేజి గొంతు యథాతథంగా కువైట్‌కు వెళ్లేది. “యాళకు తింటాండావా నాయనా?” అని ఆమె మొదలుపెట్టేది. ఆ తరువాత మాట పెగిలేది కాదు. అప్పుడు నాయన పక్కింటి నుంచి తెచ్చిన రెండో టేప్ రికార్డరు దగ్గరగా పెట్టి ఒక పాట వేసేవాడు. చిన్నాయన వెళ్లాక వచ్చిన సినిమాల పాటలన్నీ ఆయనకు అలాగే చేరాయి.

క్యాసెట్లు తక్కువ కనుక అవే అటూ ఇటూ తిరిగేవి. చెరిగిపోకూడదనుకున్న దానికి పైఅంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచేసేవాళ్లం, మళ్లీ రికార్డు చేయాలనుకుంటే ఆ సందుకు కాగితం ముక్క అంటించేవాళ్లం. పలుకు విరిచిన క్యాసెట్ మా ఇంట్లో ఒకటి ఉండేది. ‘స్వాతిముత్యం’ వచ్చిన మరుసటి ఏడు చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను చూడని తండ్రికి పంపడానికి చిన్నమ్మ ఆ సినిమాలోని సినారె లాలిపాట, ‘వటపత్రశాయికి వరహాల లాలి’, తానే పాడింది. సుశీలగారు పాడినట్లు పాడటం ఎవరితరమూ కాదు, చిన్నమ్మ శ్రుతి రెండుచోట్ల జారింది. పాట సగంలో బిడ్డ ఏడ్చింది, ఆమె పాట ఆపకుండానే బిడ్డను భుజం మార్చుకోవడం, గాజులు కదలడం కూడా అందులో వినిపించేవి. ఒక ప్రతి చిన్నాయనకు పంపి, ఒకటి ఇంట్లో ఉంచుకున్నాం. తిరుగు క్యాసెట్‌లో చిన్నాయన తన గదిలోని వాళ్లంతా ఆ పాట విన్నారని, బద్వేలు ఆయన ఒకాయన ప్రతి శుక్రవారం వేయమంటాడని చెప్పాడు. శుక్రవారం వాళ్లకు సెలవు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. పాటల వేళల కోసం పెట్టుకునే రేడియో ఆ రోజు నుంచి వార్తల కోసమే మోగింది. లక్షకు పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో బొంబాయికి చేర్చారు, వాళ్లలో చిన్నాయన ఒకడు. ఆయన చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. క్యాసెట్లన్నీ గదిలోనే ఉండిపోయాయని వచ్చిన రాత్రే చెప్పాడు. ఆ లాలిపాట రెండో ప్రతి మా ఇంట్లో, చిన్నమ్మ బీరువాలో ఉందని తెలిసి, అన్నం తినకముందే వేయమన్నాడు.

యుద్ధం ముగిశాక ఆయన మళ్లీ కువైట్‌కు వెళ్లాడు, కానీ మేం మళ్లీ క్యాసెట్లు పంపుకోలేదు. అప్పటికి విదేశాలకు ఫోను చేసుకునే ఐఎస్‌డీ బూతులు వచ్చాయి. రహమాన్ పాటలు వచ్చాయి, అవీ నాకు ఎంతో ఇష్టమే. అయితే బూతులో కళ్లెదురుగా మీటరు తిరుగుతుంటే ఎవరూ పాట పాడమని అడగరు. జేజి “యాళకు తింటాండావా?” అని అడిగేది, ఆయన తింటున్నానని చెప్పేవాడు, వెంటనే నాయన ఫోను అందుకుని డబ్బు సంగతి మాట్లాడేవాడు.