కారును దూరప్రాంతానికి పంపే ముందు

హైదరాబాద్ నుంచి ఢిల్లీకో గువాహటికో బదిలీ అయి, కారును లారీపై పంపదలచినవారు అందరికంటే తక్కువ ధర చెప్పిన సంస్థ వైపు మొగ్గడం నాకు ఆందోళన కలిగిస్తుంది. ఫోనులో ధర చెప్పేది మధ్యవర్తి కావచ్చు, బండిని తీసుకువెళ్ళేది వేరొకరు కావచ్చు. కాబట్టి అసలు రవాణాదారు ఎవరో, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద నమోదైనవారో కాదో ముందుగా అడగాలి.

ఆ చట్టం నియమాల ప్రకారం, ఎక్కువ విలువను ముందే ప్రకటించకపోతే, నష్టానికి రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. అంటే 15,000 రూపాయల కిరాయికి లక్షన్నర మాత్రమే. అందుకే కారు విలువను రాతపూర్వకంగా ప్రకటించి, విడిగా రవాణా బీమా తీసుకుని, ఆ పాలసీలో మన బండి నంబరు ఉందో లేదో స్వయంగా చూసుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. నోటిమాటగా ‘బీమా ఉంది సార్’ అంటే సరిపోదు.

మేడ్చల్‌లోనో ఆటోనగర్‌లోనో బండి అప్పగించేటప్పుడు గీతలు, సొట్టలు, కిలోమీటర్ల రీడింగు రసీదుపై రాయించి, ఫొటోలు తీసుకోవాలి. దించుకునే చోట వాటితో సరిచూశాకే సంతకం చేయాలి. నష్టం కనబడితే, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రవాణాదారుకు లిఖితపూర్వక నోటీసు ఇవ్వనిదే దావా వేయడానికి వీలుండదు.