నాలుగో గడి నిండింది

నలభై మూడు రోజుల తర్వాత, పోయిందనుకున్న కవరు ఈ ఉదయం నా చేతికి వచ్చింది.

అందులో ఉన్నది 1948 ఆగస్టు 15న విడుదలైన గాంధీజీ స్టాంపుల్లో అన్నిటికంటే పెద్ద విలువది, 10 రూపాయలది. స్విట్జర్లాండ్‌లో అచ్చయింది. ‘బాపు’ అని హిందీలోనూ ఉర్దూలోనూ ఉంటుంది. అణాన్నర, మూడున్నర అణాలు, 12 అణాల స్టాంపులు నాన్నగారు సంపాదించినవే. ఆల్బంలో నాలుగో గడి ఖాళీగా ఉండగానే ఆయన వెళ్లిపోయారు. అందుకే ఇన్నాళ్లూ డబ్బు పోయిందన్న చింత కంటే ఆ గడే నన్ను నిద్రపోనివ్వలేదు.

జరిగింది చిన్న పొరపాటు. చిరునామాలో విశాఖ ఎంవీపీ కాలనీ సెక్టార్ అంకె మారింది. ఆ ఇంటివాళ్లు ఊళ్లో లేకపోతే పక్కింటి మామ్మగారు కవరు తీసుకున్నారు. వానకు నా ఫోను నంబరు చెదిరిపోయింది. హాస్టల్ నుంచి వచ్చిన మనవడు నిన్న రాత్రి కూడబలుక్కుని చదివి ఫోన్ చేశాడు.

వెళ్లేసరికి ఆమె బియ్యం డబ్బాలోంచి కవరు తీసి ఇచ్చారు. “సముద్రపు గాలికి కాగితం చెమ్మెక్కుతుంది నాయనా, ఏదో విలువైనదేమోనని ఇందులో పెట్టాను” అన్నారు. స్టాంపుల సంగతి ఆమెకు తెలియదు. అయినా ఎంత జాగ్రత్త! ఆమె కాళ్లకు దండం పెట్టాను.

ఇకమీదట విలువ ప్రకటించి, బీమా చేయించి పంపమని అమ్మేవాళ్లను తప్పక అడుగుతాను.

స్టాంపు అంచు చుట్టూ ఉండే పళ్లలో ఒక్కటీ విరగలేదు, ఒక్క మరకా లేదు. సాయంత్రం అమ్మ చేతనే గడిలో పెట్టించాను.