కడప బండ మీద చమురు చుక్క: నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ అనుభవం

తిరుపతిలో కూర్చుని చమురు బావుల మీద ప్రాజెక్ట్ చేస్తానంటే మా క్లాస్‌లో అందరూ నవ్వారు. ఇక్కడ చమురూ లేదు, రాతిలోకి ఒత్తిడితో నీళ్లు పంపి ఎంత చమురు బయటికొస్తుందో చూసే కోర్ ఫ్లడ్డింగ్ మెషీనూ లేదు. మా గైడ్ మేడమ్ మాత్రం "రాయి దొరుకుతుంది కదమ్మా, మొదలుపెట్టు" అనేశారు.

నిజమే, రాయికి కొదవేముంది. రేణిగుంట రోడ్డులో బండలు కోసే షాపులో అడిగితే నల్ల కడప బండ ముక్కలు ఊరికే ఇచ్చారు. అది సున్నపురాయి, డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుస్సున పొంగుతుంది. కాకపోతే మరీ గట్టి రాయి, లోపలికి నీళ్లు దూరవు, కాబట్టి పైన చమురు ఎలా అంటుకుంటుందో చూడటం వరకే పనికొస్తుంది. నాకది చాలు.

అసలు విషయం ఏమిటంటే, సున్నపురాయి ఉపరితలానికి మామూలుగా పాజిటివ్ చార్జ్ ఉంటుంది, ముడిచమురులోని కార్బాక్సిలిక్ ఆమ్లాలకు నెగటివ్, అందుకే అవి రాతిని పట్టుకుని వదలవు. బావిలోకి నీళ్లు పంపినా చమురును తోయకుండా బీటల్లోంచి దారి చూసుకుని పోతాయి. నార్వే ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో ఉన్నది కూడా సున్నపురాయి రకమే, సుద్దరాయి, 130 డిగ్రీల వేడి, అక్కడ 1987 నుంచి పెద్దఎత్తున సముద్రపు నీళ్లు పంపితే ఊహించినదానికన్నా చాలా ఎక్కువ చమురొచ్చింది. అంతా నీళ్ల గొప్పే అనలేం, ఆ రాయి కుంగడం కూడా చమురును బయటికి నెట్టింది. కానీ సముద్రపు నీళ్లలోని సల్ఫేట్ రాతికి అంటుకుని ఆ పాజిటివ్ చార్జ్ తగ్గిస్తుందని, అప్పుడు కాల్షియం దగ్గరికొచ్చి ఆమ్లాన్ని రాతి నుంచి విడిపిస్తుందని నార్వేలోనే స్టావాంగర్ యూనివర్సిటీలో టోర్ ఔస్టాడ్ అనే ప్రొఫెసర్ బృందం చూపించింది. బాగా వేడెక్కితే మెగ్నీషియం కూడా తోడవుతుంది. ఇందులో సల్ఫేట్, కాల్షియం పని కడప బండ మీద కనిపిస్తుందా అని చూడటమే నా ప్రాజెక్ట్.

ముడిచమురు బదులు డెకేన్ అనే నూనెలాంటి ద్రవంలో స్టియరిక్ యాసిడ్ (ఇదీ కార్బాక్సిలిక్ ఆమ్లమే) కలిపి అందులో నునుపు చేసిన ముక్కలు నానబెట్టాను. డిపార్ట్‌మెంట్‌లో ఇండెంట్ పెట్టిన కెమికల్స్ ఎంతకీ రాక, పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్న టెన్షన్ వేరే. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వాటరే వాడాలి, బకెట్ అడుగున తెల్లపొర కట్టే మా హాస్టల్ బోరు నీళ్లు వాడితే వాటిలో కాల్షియం ముందే ఉంటుంది, ఇక దేనివల్ల ఏం జరిగిందో చెప్పలేం. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల ఉప్పులుంటే సల్ఫేట్ సుమారు 2.7 గ్రాములే, ఆ లెక్కన కలిపాను.

ముక్కను నీళ్లలో తలకిందులుగా పట్టి, వంచిన సూదితో కింద నుంచి చమురు చుక్క వదిలి, ఫోన్‌కు మాక్రో లెన్స్ పెట్టి ఫొటో తీయడం, చుక్క అంచు రాతిని తాకే చోట కోణం కొలవడం, ఇదే పని. ఉత్త సోడియం క్లోరైడ్ సీసాలో నానిన ముక్క మీద చుక్క చపాతీలా పరుచుకుంది. సల్ఫేట్, కాల్షియం రెండూ ఉన్న నీళ్లలో కూడా గది వేడిలో పెద్ద తేడా లేదు. అదే సీసా బిగుతుగా మూసి 90 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి తీస్తే మాత్రం చుక్క గుండ్రంగా తేలింది, ముక్కను కాస్త కదిపితే జారిపోయింది కూడా. ఆ ఫొటో చూసి మేడమ్ "ఇంకోసారి చేసి చూపించు" అన్నారు, ఆవిడ దగ్గర అదే మెచ్చుకోలు. కాల్షియం లేకుండా సల్ఫేట్ మాత్రమే వేస్తే ఇంత రాలేదు. రెండూ మరీ ఎక్కువ వేసిన సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుంది, కాల్షియం సల్ఫేట్ వేడికి ఇంకా తక్కువ కరుగుతుంది కదా, బావిలో అయితే దారులే మూసుకుపోతాయి.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ మొదటి ప్రశ్నే "ఉప్పు తగ్గిస్తే సరిపోదా?" అని. సోడియం క్లోరైడ్ తగ్గిస్తే సల్ఫేట్‌కు రాతి దగ్గర చోటు దొరుకుతుంది, అది మేలే, కానీ అన్నీ కలిపి పలచన చేస్తే పనిచేసే సల్ఫేట్, కాల్షియం అయాన్లూ తగ్గుతాయి కదా సార్ అన్నాను. మన దేశంలో ఎక్కడ పనికొస్తుందంటే ముంబై హై చెప్పాను, 1974లో దొరికిన ఆ క్షేత్రంలో చమురు నిలిచిన ప్రధాన రాతి పొర (రిజర్వాయర్) సున్నపురాయే. మన గోదావరి వైపు ఎక్కువగా ఇసుకరాయి, అక్కడ కథ వేరు.

"మరి కొన్నిచోట్ల కావాలనే సల్ఫేట్ తీసేసి పంపుతారే?" అన్నారు. భూమిలోని నీళ్లలో బేరియం ఉంటే సల్ఫేట్‌తో కలిసి బేరియం సల్ఫేట్ గట్టిగా పేరుకుంటుంది సార్, మన మంగంపేట ముగ్గురాయి అదే కదా అన్నాను. సార్ నవ్వి, గ్రాఫ్ పేజీ తిప్పమన్నారు.