గ్రీకు డ్యాన్స్ నేర్చుకోబోయి పిల్లల బ్యాచ్‌లో పడ్డాను: నా అనుభవం

మొన్న ఆగస్టు 15 రాత్రి పదకొండున్నరకు మొదలుపెట్టి తెల్లవారుజామున నాలుగింటిదాకా డ్యాన్స్ చేశాను. పిక్కలు ఇంకా పట్టేసే ఉన్నాయి. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పీతలా అడ్డంగా దిగుతున్నాను. మన జెండా పండుగ రోజే గ్రీసులో మరియమ్మ పండుగ. ఊళ్లకు ఊళ్లు జాతర చేసుకుంటాయి, దాన్ని పనియీరి అంటారు. ఎపిరస్ కొండల్లో ఒక చిన్న ఊళ్లో, చర్చి ముందు, చేతులు పట్టుకుని తిరిగిన ఆ పెద్ద గుంపులో నేనూ ఒకదాన్ని. అక్కడిదాకా రావడానికి పది నెలలు పట్టింది. అందులో ఒక నెల ఏడేళ్ల పిల్లలతో గడిచింది. అసలు ఆ నెల గురించి కక్కేయాలనే ఇది రాస్తున్నాను.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. విశాఖలో పదకొండేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. తల మీద చెంబు పెట్టుకుని, పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం చేసినదాన్ని. రెండేళ్ల రీసెర్చ్ పని మీద గ్రీసులోని థెస్సలొనీకి నగరానికి వచ్చాక సాయంత్రాలు ఏమీ తోచలేదు. మా వీధిలోనే ఒక సాంస్కృతిక సంఘం, బయట జానపద నృత్యం క్లాసులున్నాయని బోర్డు. గుండ్రంగా చేతులు పట్టుకుని తిరగడమేగా, ఇదెంత అనుకున్నాను. ఫోన్లో అమ్మ కూడా అదే అంది: "చేతులు పట్టుకుని నడవడానికి ఫీజు కూడానా?"

చేరడం పెద్ద కష్టం కాదు. ఫీజు, రెండు ఫొటోలు, గుండె బాగుందని డాక్టర్ సర్టిఫికెట్. దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి, ఇక్కడ ప్రతి కాగితంలోనూ అడుగుతారు. మన ఇంటిపేరు ముందు వస్తుందని అక్కడి గుమస్తాకు మూడుసార్లు చెప్పాను. తల ఊపాడు. కార్డు వచ్చాక చూస్తే నా పేరు ఉండాల్సిన చోట మా నాన్న పేరుంది. మార్చమంటే "సంవత్సరం అయ్యాక చూద్దాం" అన్నాడు. ఆ సంఘం లెక్కల్లో ఏడాదంతా డ్యాన్స్ చేసింది మా నాన్న.

మొదటి రోజే ఒక తప్పు మాట అన్నాను. సిర్తాకి నేర్పుతారా అని అడిగాను. టీచర్ ముఖం మాడిపోయింది. సిర్తాకి తాతముత్తాతల నాటి నాట్యం కాదట. 1964లో వచ్చిన 'జోర్బా ద గ్రీక్' సినిమా కోసం కూర్చారు, సంగీతం మికిస్ థియోడొరాకిస్‌ది. దానికి మూలం హసాపికో. అది ఒకప్పుడు కాన్‌స్టాంటినోపుల్‌లో మాంసం కొట్టేవాళ్ల సంఘం ఆడుకున్న నాట్యం. హసాపిస్ అంటే కసాయి, రెండు మాటలకూ మూలం ఒకే అరబ్బీ పదం. లేచి ఆడాలనిపించే ఊపును వీళ్లు కేఫీ అంటారు, అది మన కైపే. ఇలాంటివి దొరికినప్పుడల్లా పరాయి దేశంలో చుట్టాలు కనపడినట్టుండేది. ఆ సంబరమే నా కొంప ముంచింది.

రెండో వారం కలమతియానోస్ మొదలైంది. పేరు కలమాత ఊరిదే గానీ పెళ్లయినా, స్కూలు ఫంక్షనైనా గ్రీసంతా ఆడుతుంది. టీచర్ చప్పట్లతో లెక్క చూపించింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి. మూడు, రెండు, రెండు. నా చెవికి ఠక్కున అందింది. తకిట తకధిమి! మన ఏడు అక్షరాల తాళం, మిశ్రచాపు! మిగతా కొత్తవాళ్లు తడబడుతుంటే నేను గురువుగారి ముందు కూర్చున్నట్టు తొడ మీద తాళం వేసి చూపించాను. వచ్చీరాని గ్రీకులో "మా దేశంలో ఇది చిన్నప్పుడే నేర్పేస్తారు" అని కూడా అన్నాను. నోరు మూసుకుని ఉండాల్సింది.

పాట పెట్టారు. మోచేతులు వంచి, అరచేతులు భుజాల దాకా ఎత్తి అందరం పట్టుకున్నాం. నా కుడిపక్క మా వీధి బేకరీ మామ్మ, డెబ్భై దాటిన మనిషి. ఎడమపక్క ఒక ఇంజనీరింగ్ కుర్రాడు. పాట అందుకోగానే నా కాళ్లు వాటంతట అవే అరమండిలోకి వెళ్లాయి. త, కి, ట, త, క, ధి, మి. ఏడు అక్షరాలకూ ఏడు దెబ్బలు వేశాను. కలమతియానోస్‌లో ఏడు అక్షరాలకు అడుగులు మూడే. మొదటి అడుగే మూడు అక్షరాలు తినేస్తుంది, తర్వాతవి రెండేసి. అలా తాళం నాలుగు చుట్లు తిరిగేసరికి పన్నెండు అడుగులు. మధ్యలో ఖాళీ కనిపిస్తే ఊరుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు, నింపేశాను. పైగా మోకాళ్లు వంచి కూర్చునేసరికి నా చేతులు కిందికి దిగాయి, వాటితో పాటు అటు మామ్మ భుజం, ఇటు కుర్రాడి భుజం కుంగిపోయాయి. అది చాలదన్నట్టు కళ్లు తిప్పాను, మెడ కదిపాను. ఇంకోటి, వలయం ఎప్పుడూ కుడికి సాగుతుంది, అంటే మన ప్రదక్షిణకు ఎదురు దిక్కు. చిన్నప్పటి నుంచి గుడి చుట్టూ తిరిగిన కాళ్లు ఎడమకే లాగాయి. కుర్రాడి పాదం రెండుసార్లు తొక్కాను.

టీచర్ పాట ఆపేసింది. చేతులు వదిలి మధ్యలోకి రమ్మని, ఒక్కదాన్నే చేసి చూపించమంది. మెచ్చుకుంటోందనుకుని, సిగ్గులేకుండా, ఇంకా గట్టిగా చేశాను. అయ్యాక చప్పట్లు కొట్టి, నిదానంగా అడిగింది: "చాలా బాగుంది. ఆ నేల నీకేం అపకారం చేసింది?" పాతికమంది నవ్వారు. సిర్తోస్ అంటే ఈడ్చడమని, కలమతియానోస్ ఆ సిర్తోస్ ఇంటి పిల్లేనని, ఒకటో శతాబ్దపు శాసనంలోనే ఆ మాట ఉందని, అప్పటినుంచీ ఎవరూ నేలను ఇలా తన్నలేదని చెప్పింది. చివరి ముక్క ఆవిడ సొంతమనుకుంటా. తర్వాత పక్కకు పిలిచి "శనివారం పదిన్నరకు రా" అంది.

శనివారం పదిన్నర పిల్లల బ్యాచ్. ముప్ఫై నాలుగేళ్ల నేను, నా నడుం ఎత్తు పిల్లలు పద్నాలుగు మంది. తల్లులు గోడ వెంబడి కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతూ నన్నే చూసేవాళ్లు. నన్ను వలయం తోకలో పెట్టారు. పక్కన ముందు పళ్లు ఊడిన ఒక పిల్ల నా చెయ్యి గుంజి "కిరియా, వంగకు, నా చెయ్యి నొప్పెడుతోంది" అనేది. కిరియా అంటే మేడమ్. మేడమ్ అంటూనే తిట్టేది. ఇంటికొచ్చి గజ్జెల పెట్టె తీసి చూసుకుని ఏడ్చిన శనివారాలు ఉన్నాయి. టీచర్ మీద కోపం ఇప్పటికీ పోలేదు. మెల్లగా చెప్పి ఉంటే నాకు అర్థమయ్యేది. కాకపోయేదేమో కూడా.

నాకు దారి చూపించింది టీచర్ కాదు, బేకరీ మామ్మ. ఒక సాయంత్రం రొట్టె కోసం వెళితే, కౌంటర్ మీదుగా నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ల మధ్య పిండి ఎండి గరుకుగా ఉంది. కాళ్లు కదపలేదు. నోటితో ఏదో కూనిరాగం తీస్తూ అరచేతిని మాత్రం నొక్కింది. ఒకసారి పొడుగ్గా నొక్కి ఉంచింది, తర్వాత రెండుసార్లు పొట్టిగా. మళ్లీ పొడుగ్గా. "కళ్లు మూసుకో కోరీ ము" అంది. ఆ మాటకు అమ్మాయీ అని అర్థం. కళ్లు మూసుకున్నాక తెలిసింది, అడుగు కాలికంటే ముందు చేతిలోకి వస్తుందని. పదకొండేళ్లలో నేను ఎవరి చెయ్యీ పట్టుకుని నాట్యం చేయలేదు. అరకులో ధింసా ఆడే ఆడవాళ్లు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులేసుకుని కదులుతుంటే ఫొటోలు తీసుకున్నాను గానీ, ఆ చేతులు అక్కడ ఎందుకున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు.

మార్చి 25 ఇక్కడి స్వాతంత్ర్య దినం. మా క్లాసు ఆడవాళ్లందరూ రాణి అమాలియా పేరు మీద ఉన్న ఆ వెల్వెట్ జాకెట్ల డ్రస్సులు వేసుకుని స్టేజీ ఎక్కారు. నాకు వాళ్ల హ్యాండ్‌బ్యాగులు కాపలా కాసే పని ఇచ్చారు. అంతే, దాని గురించి ఇంకేం రాయను.

కొత్తగా చేరేవాళ్లకు రెండు మాటలు. బూట్లు కొనకండి, తోలు అడుగున్నవి కొని నేను నష్టపోయాను, మెత్తటి పాత చెప్పులు చాలు. ఏథెన్స్‌లో ఉంటే వేసవిలో ఫిలొపాపు కొండ మీద డోరా స్త్రాతు ట్రూపు ప్రదర్శన చూడండి, 1953 నుంచి నడుస్తోంది, ఒక్కో ప్రాంతం దుస్తులు చూడటానికే వెళ్లొచ్చు. అయితే చూస్తే వచ్చేస్తుందనుకోకండి. అన్నిటికంటే ముఖ్యం, హోటల్లో ఎవరైనా ఒక్కడే లేచి, తల వంచి, చేతులు చాపి తూలుతున్నట్టు జెయిబెకికో ఆడుతుంటే మీరు లేవకండి. అది తొమ్మిది అక్షరాల తాళం, ఆ పాట ఆ క్షణానికి ఆ మనిషిదే. 1973లో ఏథెన్స్‌లో ఒక నైట్‌క్లబ్బులో ఇలా ఒకరు అడిగి వేయించుకున్న పాటకు మధ్యలో వేరేవాళ్లు లేచినందుకు గొడవై ముగ్గురు పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక్కడ ఆ సంగతి అందరికీ తెలుసు.

మామ్మ వాళ్ల సొంత ఊరు ఎపిరస్‌లోనే. "ఈసారి పనియీరికి నువ్వు రావాలి" అని తనే కారెక్కించింది. బల్లల మీద కాల్చిన మాంసం, వైన్. క్లారినెట్, వయొలిన్, వీణకు దూరపు చుట్టంలాంటి లాఉతో, కంజీరలాంటి దెఫి. క్లారినెట్ ఆయన ఎత్తుకున్న స్వరాలు మన శుద్ధ ధన్యాసి రాగానికి ఎంత దగ్గరగా ఉన్నాయంటే నాకు రోమాలు లేచాయి. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ముందు నడిచేవాళ్లు పాట అడిగి, ఆయన నుదుటికి నోటు అంటించి వెళ్తున్నారు. ముందుకు పోయి దూరకూడదని తెలుసు కాబట్టి తోక దగ్గర నిలబడి, చివరి మనిషి చెయ్యి అందుకున్నాను. పొగొనీసియోస్ అనే చాలా నెమ్మది నాట్యం. నడకే. గంటసేపు నేను ఏమీ చేయలేదు, వాళ్లు కదిలితే కదిలాను. పక్కవాళ్ల చెయ్యి చెమటతో జారుతుంటే పట్టు మార్చుకున్నాను, అంతే. నన్నెవరూ చూడలేదు. ఆ రాత్రి నాకది ఎంత హాయిగా ఉందో మా గురువుగారికి చెబితే ఏమంటారో.

రెండింటప్పుడు ఎవరో టూరిస్టు అబ్బాయి వచ్చి నా తర్వాత చేరాడు. చెయ్యి మొత్తం బరువు నా మీద వేసి వేలాడాడు. "వంగకు బాబూ" అన్నాను, తెలుగులోనే.

సెప్టెంబరులో సంఘం కార్డు రెన్యువల్. మళ్లీ గుండె సర్టిఫికెట్ కావాలి, మళ్లీ ఆ గుమస్తా. ఈసారి పేరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి తీసుకెళ్తున్నాను. ఇంకా మార్చకపోతే మా నాన్నకే వీసా తీసి పంపమంటాను.